అంగారకుడి మీద గొడుగు విప్పాలంటే

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకు 150 కిలోమీటర్ల దాకా వీచింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. ఆ వేగంలో గాలి తనకు అడ్డొచ్చిన ప్రతి చదరపు మీటరునూ వంద కిలోలకు పైగా బరువుతో తోస్తుంది. అదే వేగంతో అంగారకుడి మీద వీస్తే ఆ తోపు రెండు కిలోలకు లోపే. మన దగ్గర ఘనమీటరు గాలి 1.2 కిలోలు తూగితే, అక్కడ దాదాపు 20 గ్రాములే తూగుతుంది మరి. గాలినే నమ్ముకున్న పారాచూట్‌కు చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది.

పారాచూట్ కింద వస్తువు ఎంత వేగంతో దిగుతుందో లెక్క కట్టడం తేలికే. ద్రవ్యరాశిని ఆ గ్రహపు గురుత్వంతో, ఆపైన రెండుతో గుణించాలి. వచ్చినదాన్ని గాలి సాంద్రత, గుడ్డ వైశాల్యం, నిరోధక గుణకం (ఆ ఆకారం గాలిని ఎంతగా అడ్డుకుంటుందో చెప్పే అంకె; గొడుగులా విచ్చుకునే మామూలు పారాచూట్‌కు సుమారు 0.75) మూడింటి లబ్ధంతో భాగించి వర్గమూలం తీయాలి. టన్ను బరువున్న రోవర్‌ను (గ్రహం మీద తిరిగే బండిని) అంగారకుడి మీద సెకనుకు 3 మీటర్ల వేగంతో పారాచూట్ ఒక్కదానితోనే దించాలనుకుందాం. గురుత్వ త్వరణం మన దగ్గర 9.8 (మీటర్లు/సెకను²) ఉంటే అక్కడ 3.7 మాత్రమే, అయినా గుడ్డ దాదాపు 55 వేల చదరపు మీటర్లు కావాలి, అంటే పదమూడున్నర ఎకరాలు. చదరపు మీటరు 40 గ్రాములు తూగే పల్చటి నైలాన్ వాడినా గుడ్డే రెండు టన్నులు దాటుతుంది. మోసేది మోయించుకునే దానికంటే బరువైపోతే ఆ పథకం అక్కడితో సరి.

అందుకే పనిని పంచుతారు. 2021 ఫిబ్రవరి 18న అంగారకుడి మీద దిగిన నాసా రోవర్ పెర్సెవరెన్స్ గంటకు 19,500 కిలోమీటర్ల వేగంతో వాతావరణంలోకి చొచ్చుకెళ్లింది. అందులో సింహభాగాన్ని 4.5 మీటర్ల ఉష్ణకవచమే అరగదీసింది. వేగం గంటకు సుమారు 1,500 కిలోమీటర్లకు తగ్గాక పారాచూట్ విచ్చుకుని, దాన్ని 320 దాకా దించింది. నేలకు 2 కిలోమీటర్ల ఎత్తున దాన్ని వదిలేసి రాకెట్ ఇంజన్లు వెలిగించారు. చివరికి రోవర్‌ను తాళ్లతో కిందికి దించారు.

అన్నింటిలోకీ గడ్డు ఘట్టం పారాచూట్ విచ్చుకునే క్షణం. 21.5 మీటర్ల వ్యాసమున్న గొడుగును హైడ్రాలిక్ ప్రెస్‌తో నొక్కి నొక్కి చిన్న స్తంభంలా సంచిలో కూరుతారు. దాన్ని చిన్న ఫిరంగిలాంటి మోర్టార్ గొట్టం వెనక్కి పేలుస్తుంది. ముందు తాళ్లు సాగి బిగియాలి, ఆ తర్వాతే గుడ్డ బయటికి రావాలి. ఈ వరస తప్పితే గుడ్డ అడ్డదిడ్డంగా గాలి పట్టి ఒకచోట చిరుగు మొదలవుతుంది. 2018 సెప్టెంబరులో నాసా భూమికి 38 కిలోమీటర్ల ఎత్తున, గాలి పల్చగా ఉండేచోట చేసిన పరీక్షలో ఇలాంటి గొడుగే 0.4 సెకన్లలో పూర్తిగా విచ్చుకుంది. ఆ కుదుపు సుమారు 30 టన్నులు. అంతకుముందు 2014, 2015ల్లో పరీక్షించిన 30 మీటర్ల గొడుగులు రెండూ చిరిగిపోయాయి. పూర్తిగా విచ్చుకున్నాక పడే భారానికి లెక్క సరిపోయినా, సగం విచ్చుకున్న ముడతల గుడ్డలో భారం ఎటు పోగవుతుందో కాగితం మీద తేల్చడం చాలా కష్టం. 2019లో యూరప్ వాళ్ల అంగారక యాత్ర ఎక్సోమార్స్ కోసం చేసిన పారాచూట్ పరీక్షల్లో సంచిలోంచి గుడ్డ బయటికి వచ్చేటప్పుడే చిరుగులు పడ్డాయి. దాంతో సంచి తెరుచుకునే తీరునూ, తాళ్ల మడతలనూ మార్చారు.

గుడ్డ నిలబడితే సరిపోదు. 2016 అక్టోబరు 19న అంగారకుడి మీదికి దిగుతున్న యూరప్ నౌక స్కియాపరెల్లీ పారాచూట్ చక్కగానే విచ్చుకుంది. కానీ నౌక ఊగిన ఊపుకు, తిరుగుడును కొలిచే పరికరం సుమారు ఒక సెకను పాటు తన గరిష్ఠ అంకె దగ్గరే నిలిచిపోయింది. ఆ తప్పుడు అంకెను నమ్మిన కంప్యూటర్, ఎత్తు సున్నాకంటే తక్కువని లెక్క తేల్చింది. నేలకు ఇంకా 3.7 కిలోమీటర్ల ఎత్తులో ఉండగానే పారాచూట్‌ను వదిలేసింది.

శ్రీకాకుళం, విజయనగరం బడుల్లో సైన్సు మాస్టార్లు ఈ పాఠాన్ని మేడ మీంచే చూపించవచ్చు. 60 సెంటీమీటర్ల వ్యాసంతో పల్చటి ప్లాస్టిక్ షీటును గుండ్రంగా కత్తిరించి, నడుమ 5 సెంటీమీటర్ల రంధ్రం పెట్టండి. అది లేకపోతే లోపల చిక్కిన గాలి ఒకసారి ఈ అంచు నుంచి, ఒకసారి ఆ అంచు నుంచి ఒలికి గొడుగు ఊగిపోతుంది. అంచున సమదూరంలో ఎనిమిది చోట్ల టేపు అంటించి, దాని మీంచి బెజ్జం చేసి, 70 సెంటీమీటర్ల దారాలు కట్టండి. ఒక్క దారం పొట్టిదైనా గొడుగు ఒక పక్కకు జారుకుంటుంది. మడిచే ముందు కాస్త పౌడరు చల్లితే ప్లాస్టిక్ పొరలు అంటుకోవు. కింద 100 గ్రాముల బరువు కట్టి, ముందే విప్పి పట్టుకుని, గాలి లేని ఉదయం పూట 8 మీటర్ల ఎత్తు నుంచి వదిలితే సుమారు మూడు సెకన్లలో నేల చేరాలి. రెండు సెకన్లలోపే పడితే దారాలు మెలిపడ్డాయేమో చూడండి. అంగారకుడి మీద ఇదే గొడుగు దిగే వేగం సెకనుకు 13 మీటర్లని పిల్లల చేతే లెక్క కట్టించండి.