‘లీ’ బిరుదు కాదు, ‘ఒప్పా’ అంటే ప్రియుడు కాదు: ఆసియా సినిమా తారల మీద అపోహలు – వాస్తవాలు

హాంకాంగ్, కొరియా, జపాన్, థాయ్ సినిమాలకు తెలుగు సబ్‌టైటిళ్లు రాయడం మా పని. నల్లగొండ, మిర్యాలగూడ, పాలమూరు, వనపర్తి వైపు అభిమానులు తారల గురించి అడిగేవి తిప్పి తిప్పి చూస్తే పది పన్నెండు సంగతులే. పూర్తిగా తప్పయిన వాటితో బాధ లేదు, ఒక్క మాటలో తేలిపోతాయి. సగం నిజమైనవే తలనొప్పి.

అపోహ: ‘లీ’ అనేది కుంగ్‌ఫూ వీరులకిచ్చే బిరుదు

కాదు, ఇంటిపేరు. సురవరం ప్రతాపరెడ్డి అన్నప్పుడు ఇంటిపేరు ముందొచ్చినట్టే చైనా, కొరియా, జపాన్ మూడింట్లోనూ ఇంటిపేరే ముందు. బ్రూస్‌లీ చైనా తెరపేరు లీ సియు లుంగ్, అంటే చిట్టి డ్రాగన్. ఇంగ్లీషు పేరు పెట్టుకునేసరికి లీ వెనక్కి పోయింది. జెట్ లీది, ‘స్క్విడ్ గేమ్’కు 2022లో అమెరికా టీవీ అవార్డు ఎమ్మీ అందుకున్న లీ జంగ్-జేది కూడా రాతలో అదే అక్షరం. కొరియావాళ్లు మాత్రం దాన్ని ‘ఈ’ అని పలుకుతారు. ఇంటర్వ్యూలో ‘లీ’ వినపడలేదేమని వెతుక్కోవద్దు.

జాకీచాన్ సంగతి ఇంకా చిక్కు. చైనా పోస్టరు మీద చాన్ అన్న మాటే ఉండదు. హాంకాంగ్‌వాళ్లు మాట్లాడే కాంటనీస్‌లో సింగ్ లుంగ్, చైనా అధికార భాష మాండరిన్‌లో చెంగ్ లొంగ్, పుట్టినప్పటి పేరు చాన్ కాంగ్-సాంగ్. నాలుగు పేర్లకూ మనిషి ఒక్కడే. టోనీ లియుంగ్ విషయం దీనికి తలకిందులు: పేరొకటే, మనుషులిద్దరు. 2000లో ఫ్రాన్స్‌లోని కాన్ చిత్రోత్సవంలో ఉత్తమ నటుడైనవాడు టోనీ లియుంగ్ చియు-వాయ్. రెండో ఆయన టోనీ లియుంగ్ కా-ఫాయ్. 1994 నాటి ‘యాషెస్ ఆఫ్ టైమ్’లో ఇద్దరూ ఉన్నారు. పుట్టినరోజు ఫ్లెక్సుల్లో ఒకరి సినిమాల పక్కన ఇంకొకరి బొమ్మ పడేది ఇందుకే. ఫ్లెక్సంటే గుర్తొచ్చింది: ఫోన్లో దొరికిన 1080 పిక్సెళ్ల వెడల్పు ఫొటోను పదడుగులకు సాగదీస్తే అంగుళానికి 9 చుక్కలే మిగులుతాయి, మొహం గళ్లుగళ్లుగా విరిగిపోతుంది. అంగుళానికి 72 కావాలంటే ఫొటో వెడల్పు 8,640 పిక్సెళ్లు ఉండాలి.

అపోహ: ఫైట్లలో ఆ వేగమంతా కెమెరా మాయ / కాదు, ఒక్క ఫ్రేము కూడా ముట్టుకోలేదు

ఈ రెండు జట్ల కొట్లాట ఎన్నటికీ తెగదు. ఒక్కో షాట్‌కు ఒక్కో జవాబు ఉంటుంది కాబట్టి తెగదు. సినిమా సెకనుకు 24 ఫ్రేముల, అంటే 24 బొమ్మల లెక్కన తెర మీద నడుస్తుంది. కెమెరాను 22 దగ్గర తిప్పితే తెర మీద కదలిక 9 శాతం వేగంగా కనిపిస్తుంది, 20 అయితే 20 శాతం, 18 అయితే 33 శాతం. హాంకాంగ్ ఫైట్లలో 22, 20 మామూలు. 18కి దిగితే నడక కీలుబొమ్మ నడకలాగా అయిపోతుంది, కాబట్టి చిన్న చిన్న షాట్లకే వాడతారు.

తేల్చుకోవాలంటే నటుడిని వదిలేసి పక్కన పడే వస్తువును చూడండి. నటుడు ఎంత వేగంగానైనా కొట్టగలడు, కింద పడే కప్పు మాత్రం వేగం పెంచుకోలేదు. ఛాతీ ఎత్తు నుంచి, అంటే దాదాపు 1.2 మీటర్ల నుంచి జారిన కప్పు నేలను తాకడానికి అర సెకను పడుతుంది. 24 దగ్గర తీసిన షాట్‌లో అది 12 ఫ్రేములు. 20 దగ్గర తీస్తే 10, 18 దగ్గర తీస్తే 9. కంప్యూటర్లో వీడియోలు ఆడించే వీఎల్‌సీ ప్లేయర్లో షాట్‌ను ఆపి కీబోర్డు మీద ఇంగ్లీషు ‘ఈ’ (E) మీట నొక్కుతూ పోతే ఒక్కో ఫ్రేమే ముందుకు జరుగుతుంది. వేలు వదిలిన ఫ్రేము నుంచి నేలను తాకిన ఫ్రేము దాకా లెక్కపెట్టండి. ఇక్కడొక మోసం ఉంది. సెకనుకు 30 ఫ్రేములకు మార్చిన ఫైలైతే ప్రతి నాలుగు ఫ్రేములకు ఐదు కనబడతాయి, లెక్క తప్పుతుంది. ముందు ఫైలు వివరాల్లో ఫ్రేమ్ రేటు చూసుకోవాలి. టోపీ, గుడ్డ, ఆకు లాంటివి లెక్కకు పనికిరావు, గాలి వాటిని ఆపుతుంది.

అపోహ: వైరు కట్టుకుంటే ఎవరైనా ఎగురుతారు

వైరు ఉందో లేదో చెప్పడానికి కూడా ఇదే లెక్క పనికొస్తుంది. మామూలు మనిషి బాగా ఎగిరితే 60 సెంటీమీటర్లు. పైకి లేవడం, దిగడం కలిపి గాల్లో ఉండేది 0.7 సెకను, అంటే 17 ఫ్రేములు. స్లో మోషన్ కాని షాట్‌లో ఒకడు రెండు సెకన్లు గాల్లో ఉన్నాడంటే సొంతంగా 4.9 మీటర్లు లేచి ఉండాలి. అది ఒకటిన్నర అంతస్తు. వైరు ఉన్నట్టే.

కళ్లతో కూడా పట్టుకోవచ్చు. సొంతంగా ఎగిరేవాడు ముందు మోకాళ్లు వంచుతాడు, దిగేటప్పుడు మళ్లీ వంచుతాడు. వైరు మీద ఉన్నవాడిని నడుం ముందుగా లాగుతుంది, కాళ్లు వెనక వేలాడతాయి. బట్ట తుంటి దగ్గర ముడతపడి పైకి లేస్తుంది, ఎందుకంటే లోపలి బెల్టుకు కొక్కేలు తుంటికి రెండు వైపులా ఉంటాయి. అయినా ఇది తేలిక పని కాదు. పొట్ట కండరాలు బిగించకపోతే మనిషి తక్కెడలాగా ఒకవైపు ఒరుగుతాడు. అవతలి కొసన తాడు లాగేవాళ్లు క్షణం ముందో వెనకో లాగితే దెబ్బ తగిలాక ఎగరాల్సినవాడు తగలకముందే ఎగురుతాడు. సగం నటన ఆ లాగేవాళ్లదే, వాళ్ల పేర్లు మాత్రం ఎవరూ చదవరు. వైరు లేకుండా చేసినవి కావాలంటే థాయ్ నటుడు టోనీ జా 2003 నాటి ‘ఓంగ్ బాక్’ చూడండి.

‘ఫైట్లు చేసేవాళ్లంతా కరాటే చాంపియన్లే’ అన్నదీ ఇలాంటిదే. జెట్ లీ నిజంగానే చైనా యుద్ధకళ వుషులో జాతీయ చాంపియన్. జాకీచాన్ నేర్చింది పెకింగ్ ఆపెరా, అంటే పిల్లిమొగ్గలు, పాట, ఆట అన్నీ కలిసిన చదువు. మిషెల్ యో నేర్చింది బ్యాలే నృత్యం. కాలు ఎత్తిన చోటే ఆపగలగడం ఆమెకు అక్కడి నుంచే వచ్చింది. 2023లో ‘నాటు నాటు’కు ఆస్కార్ వచ్చిన రాత్రే ఆమెకు ఉత్తమ నటి ఆస్కార్ వచ్చింది.

అపోహ: జాకీచాన్‌కు డూపే లేడు

ఆయనకు సొంత స్టంట్ టీమే ఉంది. కొన్ని షాట్లలో వాళ్లు ఆయన బదులు చేశారు, కొన్నింటిలో ఆయనే ఇతరులకు ఫైట్లు కట్టాడు. దీంతో ఆయన చేసినవాటి విలువ తగ్గదు. 1985 నాటి ‘పోలీస్ స్టోరీ’లో బజారు భవనం నడిమధ్య స్తంభం మీంచి దీపాలు పగలగొట్టుకుంటూ జారింది ఆయనే, అరచేతులు కాలాయి. అదే జారుడును తెర మీద వేరు వేరు కోణాల్లో మళ్లీ మళ్లీ చూపిస్తారు కాబట్టి మూడుసార్లు చేశాడని కొందరనుకుంటారు. చేసింది ఒక్కసారే, కెమెరాలే ఎక్కువ. 1986లో యుగోస్లావియాలో చెట్టు మీంచి పడి పుర్రె పగిలిందన్నదీ నిజమే. మొహం, కాళ్లు, చేసే పని ఒకే షాట్‌లో కోత లేకుండా కనబడితే ఆయనే చేశాడని ధైర్యంగా చెప్పొచ్చు. వీపు చూపించి, కోసి, మళ్లీ మొహం చూపిస్తే పందెం కాయకండి.

అపోహ: ఒరిజినల్ వాయిస్‌లో చూస్తేనే అసలు సినిమా

కొరియా సినిమాలకైతే ఒప్పుకుంటాం. 1980ల చివరి దాకా హాంకాంగ్ సినిమాల్లో ఎక్కువ శాతం షూటింగ్‌లో మాట పట్టేవారు కాదు. తర్వాత స్టూడియోలో, చాలాసార్లు వేరే గొంతుతో డబ్బింగ్ చెప్పించేవారు. మన హీరోయిన్లకు ఇంకొకరు గొంతిచ్చినట్టే. బ్రూస్‌లీ తొలి హాంకాంగ్ సినిమాలు విడుదలైంది మాండరిన్‌లో, ఆ గొంతు ఆయనది కాదు. డిస్కు మీద ‘ఒరిజినల్ కాంటనీస్’ అని కనిపించేది తర్వాత చేర్చిన ట్రాక్ కావచ్చు. ఆయన సొంత గొంతు వినాలంటే ‘ఎంటర్ ద డ్రాగన్’ ఇంగ్లీషు ట్రాక్ పెట్టుకోండి. పెదవులు కలవట్లేదని ఫైలును తిట్టకండి, అది పుట్టుకతోనే అంత.

అపోహ: ‘ఒప్పా’ అంటే ప్రియుడు

కొరియా భాషలో ‘ఒప్పా’ అంటే అమ్మాయి అన్నను పిలిచే పిలుపు. అదే అన్నను తమ్ముడు ‘హ్యొంగ్’ అంటాడు. అక్కను తమ్ముడు ‘నూనా’ అంటే, చెల్లె ‘ఒన్ని’ అంటుంది. రక్తసంబంధం లేకున్నా వయసును బట్టి ఇవే పిలుపులు, మనం ఊళ్లో అందరినీ అన్నా, అక్కా అన్నట్టే. ప్రియుడినీ ‘ఒప్పా’ అంటారు కాబట్టి తిప్పలు. ప్రేమ సీన్‌లో ‘అన్నా’ అని రాస్తే చూసేవాళ్లు పగలబడి నవ్వుతారు. ‘ఏమండీ’ అంటే పెళ్లయిపోయిందనుకుంటారు. ‘బావా’ చెవికి బాగుంటుంది గానీ కొరియాలో మేనరికాలు లేవు, ముందు సీన్లలో చుట్టరికాల మాట వస్తే కథే మారిపోతుంది. అందుకే ప్రేమికుడికి ‘ఒప్పా’ అలాగే ఉంచుతాం, తోబుట్టువైతే ‘అన్నా’ అంటాం.

ఇంగ్లీషు సబ్‌టైటిల్‌ను చూసి తెలుగు చేస్తే పోయేది ఇలాంటి చోటే. కొరియా అమ్మ ఫోన్లో ‘బప్ మొగొస్సొ’ అంటుంది. ఇంగ్లీషులో అది ‘ఎట్లున్నవ్’గా మారుతుంది. ఆమె అన్నది అక్షరాలా ‘బువ్వ తిన్నవా’. పాలమూరులో ఏ తల్లి నోట విన్నా అదే మాట, అదే అర్థం. ఇంకో లాభం కూడా ఉంది. తెలుగులోలాగే కొరియాలో క్రియ వాక్యం చివరొస్తుంది. ‘ఆ రాత్రి తలుపు తీసింది నేను కాదు’ అనే మాటలో ‘కాదు’ ఆఖర్న పడితేనే దెబ్బ. ఇంగ్లీషు వరస దాన్ని ముందే చెప్పేస్తుంది, నటుడు నోరు తెరవకముందే గుట్టు బయటపడుతుంది. తెలుగులో ఆ కాదును చివరి దాకా దాచుకోవచ్చు.

ఈ పోలికలు చూసి ‘కొరియా భాష ద్రావిడ భాషల్లోంచే పుట్టింది, అమ్మను ఒమ్మా అంటారు కదా’ అనేవాళ్లు ఉన్నారు. 1905లో హల్బర్ట్ అనే అమెరికన్ ఈ వాదంతో ఒక పుస్తకమే రాశాడు, భాషావేత్తలు దాన్ని ఒప్పుకోలేదు. పసిపిల్లల నోట మొదట పలికే అమ్మ, అప్ప లాంటి శబ్దాలు ప్రపంచమంతా దగ్గరదగ్గరగానే ఉంటాయి.

అపోహ: సబ్‌టైటిల్ కలవకపోతే ఫైలు చెడిపోయినట్టే

సినిమా మొదలైన ఐదో నిమిషంలో ఒక మాట, గంట దగ్గర ఇంకో మాట చూడండి. రెండు చోట్లా తేడా ఒకటే అయితే వీఎల్‌సీలో ‘జి’, ‘హెచ్’ మీటలతో జరుపుకుంటే చాలు. తేడా పెరుగుతూ పోతుంటే ఫ్రేమ్ రేటు గొడవ: 23.976కు రాసింది 25 ఫ్రేముల వీడియోకు పెడితే గంట దగ్గరికొచ్చేసరికి దాదాపు రెండున్నర నిమిషాలు తప్పుతుంది. ‘సబ్‌టైటిల్ ఎడిట్’ సాఫ్ట్‌వేర్‌లో ఫ్రేమ్ రేటు మార్చే వీలుంది, ఒక్కసారికి సరిపోతుంది.

అక్షరాలు ప్రశ్నార్థకాలుగా వస్తే ఫైలును తెలుగు అక్షరాలు పట్టే యూటీఎఫ్-8 పద్ధతిలో సేవ్ చేయలేదని అర్థం. గజిబిజి ఇంగ్లీషు గుర్తులు వస్తే డీటీపీ సెంటర్లో యూనికోడ్ కాని అను ఫాంట్లలో కొట్టించి అతికించారని అర్థం, యూనికోడ్‌లో మళ్లీ కొట్టాల్సిందే. సబ్‌టైటిల్ ఫైల్లో ప్రతి మాటకూ రాసే సమయంలో సెకన్లకు, మిల్లీసెకన్లకు మధ్య కామా ఉండాలి, చుక్క పెడితే కొన్ని టీవీలు ఆ మాటను మింగేస్తాయి. ఇంకొన్ని టీవీల్లో వత్తులు విడిపోయి పక్కకు పడతాయి, అప్పుడు సబ్‌టైటిల్‌ను వీడియోలోనే అచ్చు వేయడం తప్ప దారి లేదు. తెలుగు లిపి వెడల్పు కాబట్టి మేం వరసకు 30 అక్షరాలు దాటనివ్వం, రెండు వరసలకు మించం.

చిన్నవి కొన్ని

బ్రూస్‌లీని చంపించారా? 1973 జులై 20న 32 ఏళ్లకే చనిపోయాడు, కారణం మెదడు వాపు. విచారణలో ప్రమాదవశాత్తు మరణమనే తేలింది. కొరియా నటుడి వయసు ఒక్కోచోట ఒక్కోలా ఎందుకుంది? పాత లెక్కలో పుట్టగానే ఒక ఏడు, ప్రతి జనవరి 1కి ఇంకో ఏడు. 2023 జూన్ నుంచి అక్కడి చట్టం మన లెక్కకే వచ్చింది. హీరో ఏడాదిన్నర కనబడకపోతే సినిమాలు మానేశాడని కాదు, అక్కడి తప్పనిసరి సైనిక సేవలో ఉండి ఉంటాడు. జాకీచాన్ మన దిక్కుకు ఎన్నడూ రాలేదా? 2005 నాటి ‘ద మిత్’ కోసం హంపిలో షూటింగ్ చేశాడు, పాలమూరు నుంచి రాయచూరు మీదుగా పోయే దారే. ‘ఆర్ఆర్ఆర్’కు జపానోళ్లు మనలాగే ఈలలేశారా? మామూలు ఆటలో కిమ్మనరు, అరుచుకోవడానికి విడిగా ఆటలు వేస్తారు.

అపోహ: షావోలిన్ కుంగ్‌ఫూ మన బోధిధర్ముడు నేర్పిందే

2011లో ఒక తమిళ డబ్బింగ్ సినిమా వచ్చాక ఇది ఇంటింటి మాట అయింది. బోధిధర్ముడు భారతదేశం నుంచి చైనా వెళ్లిన బౌద్ధ సన్యాసి. చైనాలోని షావోలిన్ మఠం 495లో కట్టింది కూడా భారతదేశం నుంచి వెళ్లిన సన్యాసి కోసమే, కానీ ఆయన పేరు బాతువో. బోధిధర్ముడికి కసరత్తును ముడిపెట్టిన పుస్తకం 17వ శతాబ్దిది, ఆయన తర్వాత వెయ్యేళ్లకు పైగా గడిచాక వచ్చింది. రాతిలో దొరికే సాక్ష్యం 728 నాటి శాసనం. 621లో 13 మంది సన్యాసులు, తర్వాత చైనా చక్రవర్తి అయిన లీ షిమిన్‌కు యుద్ధంలో సాయం చేశారని అందులో ఉంది. జెట్ లీ తొలి సినిమా, 1982 నాటి ‘షావోలిన్ టెంపుల్’ కథ అదే. మన గొప్ప చెప్పుకోవాలంటే వేరే దారి ఉంది: జెన్ అనే బౌద్ధ శాఖ గురువుల వరసలో బోధిధర్ముడిది 28వ స్థానమైతే, సాగర్‌కు పేరిచ్చిన నాగార్జునుడిది 14వది.

అపోహ: డిస్కు కొన్నాం కాబట్టి ఫంక్షన్ హాల్లో వేసుకోవచ్చు

ముందు అది ఆడాలి. డిస్కుకు, ప్లేయర్‌కు ప్రాంతాన్ని బట్టి ‘రీజియన్’ అనే తాళం ఉంటుంది: హాంకాంగ్, కొరియా డీవీడీలు రీజియన్ 3, మనది 5. బ్లూరే అయితే వాళ్లది ఏ, మనది సి. ఇక్కడ కొన్న ప్లేయర్ ఒప్పుకోదు. కంప్యూటర్ డీవీడీ డ్రైవ్‌లో రీజియన్ ఐదుసార్లే మార్చనిస్తుంది, ఆఖరిసారి పెట్టిందే శాశ్వతం. ఆడినా, డిస్కు ధరలో వచ్చేది ఇంట్లో చూసుకునే హక్కు వరకే. నలుగురిని పిలిచి వేయాలంటే 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుదారు అనుమతి, 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం సెన్సార్ బోర్డు సర్టిఫికెట్ ఉండాలి. టికెట్ పెట్టలేదు కదా అంటే కుదరదు. అనుమతి అడిగే ఉత్తరంలో ఊరు, హాలు, కుర్చీల సంఖ్య, తేదీ, ఎన్ని ఆటలు, ఏ భాష సబ్‌టైటిల్ అన్నవి రాయాలి. తెలుగు సబ్‌టైటిల్ మీరే రాస్తే దానికి కూడా విడిగా అనుమతి అడగాలి, అనువాద హక్కు కూడా వాళ్లదే.