చుక్క పెద్దదైతే సెపరేటర్ చిన్నదవుతుంది

బావి నుంచి పైకి వచ్చేది ఒక్క చమురే కాదు. చమురు, వాయువు, ఉప్పునీరు, కొంత ఇసుక కలగలిసి వస్తాయి. వాటిని వేరుచేసే సెపరేటర్ సాధారణంగా పడుకోబెట్టిన పెద్ద ఉక్కు పీపాలా ఉంటుంది. లోపల తిరిగే యంత్రమేదీ ఉండదు, పనంతా గురుత్వాకర్షణదే. వాయువు పైకి పోతుంది. దానితో కొట్టుకుపోయే తుంపరను తీగల జాలీ పట్టుకుంటుంది. నీరు అడుగుకు దిగుతుంది. దానిపై తేలిన చమురు అడ్డుగోడ మీదుగా పొర్లి అవతలి గదిలో పడుతుంది. అసలు చిక్కు చమురులో ఇరుక్కున్న నీటి చుక్కలతోనే.

పీడనాన్ని తట్టుకోవడానికి గోడ మందం వ్యాసంతోపాటు పెరగాలి కాబట్టి, పట్టే ఉక్కు దాదాపుగా పాత్ర ఘనపరిమాణానికీ పీడనానికీ అనులోమానుపాతంలో ఉంటుంది. సన్నగా పొడవుగా కట్టినా, లావుగా పొట్టిగా కట్టినా ఆదా స్వల్పమే. కనుక ఖర్చు తగ్గాలంటే ద్రవం లోపల ఆగవలసిన సమయమే తగ్గాలి.

ఆ సమయాన్ని లెక్కగట్టడానికి, ద్రవంలో చిన్న చుక్క ఎంత వేగంగా దిగుతుందో చెప్పే 1851 నాటి స్టోక్స్ సూత్రం ఇప్పటికీ చాలు. నీటి కంటే ఘనపు మీటరుకు 150 కిలోలు తేలికైన, నీటికి సుమారు పది రెట్లు చిక్కనైన చమురులో 500 మైక్రాన్ల (అర మిల్లీమీటరు) నీటి చుక్క సెకనుకు 2 మిల్లీమీటర్ల చొప్పున దిగుతుంది. మీటరు లోతు దిగడానికి ఎనిమిది నిమిషాలు పైన పడుతుంది. అదే చుక్క 250 మైక్రాన్లదైతే వేగం నాలుగో వంతుకు పడిపోయి, అరగంట దాటుతుంది. చుక్క సగమైతే నిరీక్షణ నాలుగింతలన్నమాట.

మరి చుక్కల్ని చిదిపేదెవరు? ఎక్కువగా మనమే. పీడనాన్ని ఒక్కసారిగా దించే వాల్వ్‌లోని ఇరుకు సందు గుండా దూసుకుపోయేటప్పుడు పెద్ద చుక్కలు పొడిపొడి అవుతాయి. ముందే చిదిపి, వాటిని దింపడానికి పెద్ద పాత్ర కొనడం నాకైతే వింతగా తోస్తుంది. పీడనాన్ని అంచెలంచెలుగా దించడం, చుక్కలను కలిపే రసాయనాన్ని పాత్రకు ముందే గొట్టంలోకి ఎక్కించడం అదనపు ఉక్కు కంటే తరచుగా చౌక. చమురును వేడి చేసి స్నిగ్ధతను, అంటే చిక్కదనాన్ని, సగానికి తెస్తే దిగే వేగం రెట్టింపవుతుంది, కాని ఇంధనం ఖర్చూ లెక్కలోకి వస్తుంది.

దిగవలసిన దూరాన్ని తగ్గించడం ఇంకో ఉపాయం. మడ్డి అడుగుకు దిగి నీరు తేరుకోవడంలో లోతు కంటే ఉపరితల వైశాల్యమే ముఖ్యమని 1904లో అమెరికన్ ఇంజనీరు అలెన్ హేజెన్ నీటి తొట్ల విషయంలో చూపాడు. లోపల ఐదు సెంటీమీటర్ల ఎడంతో ఏటవాలు పలకలు పేరిస్తే, మన 250 మైక్రాన్ల చుక్క నిమిషంన్నర దాటిన కాసేపటికే పలకను తాకుతుంది. మైనం, ఇసుక ఎక్కువగా వచ్చే బావులకు మాత్రం ఇవి పనికిరావు, సందులు పూడుకుపోతాయి.

బావి ముదిరేకొద్దీ నీటి పాలు పెరుగుతుంది. తొలినాటి చమురుకు సరిపోయేలా మట్టాలన్నీ బిగించేసిన పాత్రలో నీటికి చోటు చాలదు. అడ్డుగోడ ఎత్తు, చమురు–నీటి మట్టం తర్వాత సర్దుకునేలా కడితే, కొత్త పాత్ర కొనే రోజు కొన్నేళ్లు వాయిదా పడుతుంది.