పోగు కన్నా దానికి పూసిందే ప్రమాదం: మన బట్టల్లోకి రసాయనాలు ఎలా వచ్చాయి

పాలిస్టర్ ఒంటికి మంచిది కాదు, కాటన్‌కి మారిపోండి అన్న సలహా ఇప్పుడు ఎక్కడ చూసినా కనిపిస్తోంది. అందులో నిజం ఉంది, కానీ సగమే. ఎందుకంటే పాత చరిత్ర తిరగేస్తే బట్టల వల్ల జరిగిన హానిలో చాలా భాగం పోగుది కాదు, దానికి అద్దిన రంగుది, పూసిన రసాయనానిది. ఆ దెబ్బ ముందుగా తగిలింది కూడా వేసుకున్నవాళ్లకి కాదు, తయారుచేసినవాళ్లకి.

పందొమ్మిదో శతాబ్దంలో యూరప్‌కి మెరిసే పచ్చరంగు మీద విపరీతమైన మోజు ఉండేది. ఆ మెరుపు ఆర్సెనిక్‌ది. గౌన్లకీ, తలలో పెట్టుకునే గుడ్డపూలకీ అదే రంగు వాడేవాళ్లు. లండన్‌లో అలాంటి పూలకి రంగుపొడి చల్లే పని చేసిన మటిల్డా షూరర్ అనే 19 ఏళ్ల అమ్మాయి 1861లో ఆ విషంతోనే చనిపోయింది. అప్పటికి పాలిస్టర్ అనేదే లేదు, ఒంటి మీదున్నవన్నీ నూలు, పట్టు, ఉన్ని లాంటి సహజ పోగులే.

అంతకు ముందే 1856లో, 18 ఏళ్ల విలియం పెర్కిన్ మలేరియా మందు క్వినైన్‌ని ల్యాబ్‌లో తయారుచేయబోతే, బొగ్గు తారు నుంచి వచ్చిన పదార్థంలో ఊదారంగు బయటపడింది. అక్కడి నుంచి కృత్రిమ రంగుల పరిశ్రమ ఎంత వేగంగా పెరిగిందంటే, కొన్ని దశాబ్దాల్లోనే మొక్కల రంగులు మూలకి చేరాయి. 1895లో ఫ్రాంక్‌ఫర్ట్ సర్జన్ లుడ్విగ్ రేన్, రంగుల ఫ్యాక్టరీ కార్మికులకి మూత్రాశయంలో కణితులు వస్తున్నాయని బయటపెట్టాడు. కారణం రంగుల తయారీలో వాడే అరోమాటిక్ అమైన్లనే రసాయనాలని తర్వాత తేలింది. కృత్రిమ రంగుల్లో పెద్ద వర్గమైన అజో రంగుల్లో కొన్ని విడిపోయి ఇవే అమైన్లని వదులుతాయి. అలాంటి రంగులని జర్మనీ బట్టల్లో నిషేధించింది 1994లో, యూరోపియన్ యూనియన్ 2002లో. మధ్యలో గడిచిపోయిన ఆ వందేళ్లు తలుచుకుంటే నాకు నిజంగా కోపం వస్తుంది.

ఇక పోగుల సంగతి. విస్కోస్ (రేయాన్) చెట్ల గుజ్జు నుంచే వస్తుంది, వినడానికి సహజంగానే ఉంటుంది, కానీ దాని తయారీలో వాడే కార్బన్ డైసల్ఫైడ్ కార్మికుల నరాలనీ మనసునీ దెబ్బతీసింది. వెదురు బట్ట పేరుతో అమ్మేదాంట్లో చాలా వరకు విస్కోసే. 1935లో నైలాన్, 1941లో ఇంగ్లండ్‌లో పాలిస్టర్ పోగు వచ్చాయి. చవక, త్వరగా ఆరతాయి, ఇస్త్రీ గోల లేదు. ఇవాళ ప్రపంచంలో తయారయ్యే పోగుల్లో సగానికి పైగా పాలిస్టరే. దానితో పోటీపడటానికి కాటన్‌కీ ముడతలు పడకుండా ఫార్మాల్డిహైడ్ రెజిన్లు పూయడం బాగా పెరిగింది. వాటి వల్ల కొందరికి చర్మం మీద దద్దుర్లు వస్తాయి. ఫార్మాల్డిహైడ్‌నే 2004లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషుల్లో క్యాన్సర్ కారకంగా తేల్చింది, అయితే అక్కడ ప్రధాన భయం గాలితో పీల్చడం గురించి. పిల్లల రాత్రిదుస్తులు మంటలంటుకోకుండా ఉండాలని అమెరికాలో ట్రిస్ అనే రసాయనం వాడి, అది క్యాన్సర్ కలిగించగలదని తెలిశాక 1977లో ఆపేశారు.

పాలిస్టర్, అక్రిలిక్ (ఉన్నిలా ఉండే కృత్రిమ పోగు)ల సొంత తప్పు మైక్రోప్లాస్టిక్, అంటే చాలా చిన్న ప్లాస్టిక్ ముక్కలు. ఒక్క బట్టని ఒక్కసారి ఉతికితే 1,900కి పైగా పోగులు రాలొచ్చని 2011లో ఒక అధ్యయనం చూపించింది. 2016లో ప్లిమత్ పరిశోధకులు వేసిన లెక్క ప్రకారం 6 కిలోల అక్రిలిక్ ఉతుకులో 7 లక్షలకి పైగా. అవి నీళ్లతో పాటు నదుల్లోకి, సముద్రంలోకి వెళ్తున్నాయి.

అలాగని కాటన్‌కి క్లీన్‌చిట్ ఇవ్వలేం. 1960ల నుంచి పత్తి పొలాలకి నదులు మళ్లించి మధ్య ఆసియాలోని ఆరల్ సముద్రాన్ని చాలావరకు ఎండబెట్టేశారు, మిల్లుల్లో పత్తి దుమ్ము కార్మికుల ఊపిరితిత్తులు పాడుచేసింది. లినెన్ ఇచ్చే అవిసె, హెంప్ (గంజాయి జాతి నార మొక్క) పంటలకి సాధారణంగా పత్తి కన్నా తక్కువ నీళ్లు, తక్కువ మందులు చాలు. లయోసెల్ కూడా చెట్ల గుజ్జు నుంచే వస్తుంది, కానీ వాడిన ద్రావకాన్ని దాదాపు మొత్తం తిరిగి పట్టుకుని మళ్లీ వాడతారు కాబట్టి విస్కోస్ కన్నా చాలా నయం. వీలైతే రంగు వేయనివి, ముడతలు పడవని చెప్పనివి తీసుకోండి, కొత్త బట్టని ఉతికాకే వేసుకోండి, ఫార్మాల్డిహైడ్ కొంత పోతుంది. గాట్స్ (GOTS, సేంద్రియ బట్టల ప్రమాణం) ముద్ర ఉంటే పంటతో పాటు అద్దకంలో వాడిన రసాయనాల్ని కూడా చూశారని అర్థం, ఓకోటెక్స్ 100 అయితే తయారైన బట్టలో హానికర పదార్థాలు ఉన్నాయేమో పరీక్షించారని. మామూలు లేబుల్ మీద మాత్రం ఎంత శాతం కాటన్, ఎంత శాతం పాలిస్టర్ అనే ఉంటుంది. ఏ రంగు వాడారు, పైన ఏం పూశారు అన్నది చాలా దేశాల్లో ఇప్పటికీ చెప్పాల్సిన పని లేదు, మనం గట్టిగా అడగాల్సింది ఆ వివరమే.