ఒక్క గీతకి నాలుగు రకాల కోడ్: లిబ్రెఆఫీస్ లోపలి పాత కథ

బెంగళూరు మారతహళ్లి పీజీల్లో ఉండే మన కుర్రాళ్లెవరైనా ఓపెన్ సోర్స్ మీద సరదాపడి లిబ్రెఆఫీస్ (ఎంఎస్ ఆఫీస్ లాంటి ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్) కోడ్ తెరిస్తే, తెర మీద బొమ్మలు గీసే పని చూసుకునే వీసీఎల్ అనే ఫోల్డర్ దగ్గర అడిగే ప్రశ్న ఒకటే: "అన్నా, ఒక గీత గీయడానికి ఇన్ని ఫైళ్లెందుకు?"

ఇది బద్ధకం వల్ల పేరుకున్న చెత్త కాదు. జర్మనీలో స్టార్ డివిజన్ అనే సంస్థ తయారు చేసిన స్టార్‌ఆఫీస్ దీని మూలం. దాన్ని 1999లో సన్ మైక్రోసిస్టమ్స్ కొని, 2000లో ఓపెన్‌ఆఫీస్‌గా కోడ్ బయటపెట్టింది. 2010లో అందులోంచి లిబ్రెఆఫీస్ చీలింది. స్టార్‌ఆఫీస్, ఓపెన్‌ఆఫీస్ రోజుల్లో అన్ని సిస్టమ్‌ల మీదా ఒకేలా గీసిపెట్టే గట్టి లైబ్రరీ లేదు. అందుకే సాల్‌గ్రాఫిక్స్ అని పైన ఒక క్లాసు పెట్టి, దాని కింద ఆయా సిస్టమ్‌ల సొంత గీత పద్ధతులు వాడి, విండోస్‌కి జీడీఐతో, లినక్స్‌కి ఎక్స్11తో, మ్యాక్‌కి క్వార్ట్జ్‌తో విడివిడిగా రాసుకున్నారు. తెర లేకుండా పనిచేసే రకానికి ఇంకొకటి.

చిక్కల్లా ఎక్కడంటే, ఈ నాలుగూ ఒకే పని చేస్తున్నట్టు కనిపిస్తాయి గానీ చేయవు. జీడీఐలో దీర్ఘచతురస్రం గీయమంటే కుడి అంచు, కింది అంచు వదిలేస్తుంది. ఎక్స్11లో బోర్డర్ గీయమంటే చెప్పిన వెడల్పు కంటే ఒక పిక్సెల్ ఎక్కువ పడుతుంది. క్వార్ట్జ్ అయితే లెక్క కింది ఎడమ మూల నుంచి మొదలెడుతుంది. ఒక్కో తేడాకి ఒక్కో చోట "ప్లస్ వన్", "మైనస్ వన్" అతుకులు వేస్తూ పోయారు. విండోస్‌లో సరిచేసిన తప్పు మ్యాక్‌లో అలాగే ఉండిపోయేది.

తెలుగువాళ్లకి ఈ తేడా ముందుగా తగిలేది గీతల్లో కాదు, అక్షరాల్లో. వత్తులూ గుణింతాలూ ఎక్కడ కూర్చోవాలో విండోస్‌లో యూనిస్క్రైబ్, మ్యాక్‌లో కోర్ టెక్స్ట్, లినక్స్‌లో 2013 నుంచి హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీ తేల్చేవి. ఫాంట్ ఒకటే అయినా ఇంట్లో లినక్స్ ల్యాప్‌టాప్‌లో కుదిరిన ఉగాది ఆహ్వానం, ప్రింట్ షాపు విండోస్‌లో తెరిస్తే లైన్లు ఇంకోచోట విరగొచ్చు. 2017 ఫిబ్రవరిలో వచ్చిన 5.3 వెర్షన్‌లో మూడు సిస్టమ్‌లకీ హార్ఫ్‌బజ్‌నే పెట్టి ఈ గొడవ చాలావరకు తీర్చారు. మొత్తం కథలో మనకి ఎక్కువ మేలు చేసిన మార్పు ఇదేనని నా లెక్క. దీని గురించి మాట్లాడుకునేది మాత్రం తక్కువే.

గీతల సంగతి అంత తేలిగ్గా తెమల్లేదు. 2015 ప్రాంతంలో గ్రాఫిక్స్ కార్డుతో గీయించే ఓపెన్‌జీఎల్ తెచ్చారు. అన్ని చోట్లా ఒకటే కోడ్ అవుతుందనుకుంటే గ్రాఫిక్స్ డ్రైవర్లు ఏడిపించాయి. ఫలానా డ్రైవర్ ఉంటే వాడొద్దు అని జాబితాలు పెట్టాల్సి వచ్చింది. పాతవి పోలేదు సరికదా, పైన ఇంకొకటి చేరింది. 2020 ఆగస్టులో 7.0తో ఓపెన్‌జీఎల్ స్థానంలో స్కియా వచ్చింది. క్రోమ్‌లో వాడే లైబ్రరీయే ఇది. గ్రాఫిక్స్ కార్డుని వాడుకునే వల్కన్ అనే పద్ధతి కుదిరితే దానితో, లేకపోతే మామూలు సీపీయూతోనే గీస్తుంది కాబట్టి డ్రైవర్ల టెన్షన్ కొంత తగ్గింది.

ఆ తర్వాత జరిగిన పని పైకి కనిపించనిది. తెరలేని రకంలోనూ ఎక్స్11లోనూ విడివిడిగా ఉన్న కైరో (గీతలు గీసే ఇంకో లైబ్రరీ) కోడ్‌ని కైరోకామన్ అనే ఒకే క్లాసులోకి లాగారు. దీనికి ధైర్యం ఇచ్చింది బ్యాకెండ్ టెస్టులు: ఒకే బొమ్మని రకరకాల పద్ధతుల్లో గీయించి, పిక్సెల్ పిక్సెల్ సరిచూస్తాయి. అవి లేకుండా ఆ "ప్లస్ వన్"లని ముట్టుకునే సాహసం ఎవరూ చేయరు.

మరి పాత జీడీఐ కోడ్ తీసేయొచ్చు కదా అంటే, ఇప్పుడే కుదరదు. తెర మీద స్కియా గీసినా, విండోస్‌లో ప్రింటర్‌కి పంపేది ఇంకా జీడీఐ దారినే.