‘రాజీ’ అన్న ఒక్క మాట: అమెరికా అంతర్యుద్ధం సిరీస్‌పై తెగని వాదన

అమెరికా పౌరసత్వ పరీక్షకు వెళ్లొచ్చిన మన తెలుగువాళ్లలో చాలామందికి ఈ ప్రశ్న గుర్తుండే ఉంటుంది. 2008లో తెచ్చి చాలా ఏళ్లు వాడిన 100 ప్రశ్నల జాబితాలో ఇది 74వది: అంతర్యుద్ధానికి దారితీసిన ఒక సమస్య చెప్పండి. (1861-65లో అమెరికా ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య నడిచిన యుద్ధం అది.) సరైన జవాబులు మూడు ఇచ్చారు. బానిసత్వం, ఆర్థిక కారణాలు, రాష్ట్రాల హక్కులు. ఏది చెప్పినా మార్కు పడేది. ఇంటర్వ్యూ టెన్షన్‌లో ఉన్నవాళ్లు నోరు తిరిగే జవాబేదో ఒకటి బట్టీపట్టి వెళ్లేవాళ్లు. కానీ ఆ మూడూ ఒక్కటి కాదు. వాటి మధ్య నూటయాభై ఏళ్ల తగాదా ఉంది. 1990లో ఒక టీవీ సిరీస్ ఆ తగాదాను ఇంటింటి హాల్లోకి తెచ్చిపెట్టింది.

డాక్యుమెంటరీ దర్శకుడు కెన్ బర్న్స్ తీసిన ‘ది సివిల్ వార్’ ఆ ఏడాది సెప్టెంబర్ 23 నుంచి 27 దాకా, వరసగా ఐదు రాత్రులు, పబ్లిక్ టీవీ పీబీఎస్‌లో వచ్చింది. తొమ్మిది భాగాలు, 11 గంటలకు పైనే నిడివి. యుద్ధం జరిగింది నాలుగేళ్లయితే, దాన్ని తీయడానికి ఐదేళ్లకు పైగా పట్టింది. నటులతో యుద్ధ సన్నివేశాలు తీయలేదు. పాత ఫొటోలు, వాటి మీద మెల్లగా కదిలే కెమెరా, వెనక ఉత్తరాలు చదివే గొంతులు. మన పెళ్లి వీడియోల్లో ఫొటో మీదుగా కెమెరా జరిగే ఎఫెక్ట్ ఉంటుందే, యాపిల్ సాఫ్ట్‌వేర్‌లో దానికి ఈయన పేరే పెట్టారు. దాదాపు 4 కోట్ల మంది ఎంతోకొంత చూశారని పీబీఎస్ లెక్క. అప్పటి అమెరికా జనాభా 25 కోట్లు. పబ్లిక్ టీవీకి అంతకుముందు ఎన్నడూ అంతమంది రాలేదు. ఇరాక్ ఆగస్టులోనే కువైట్‌ను ఆక్రమించింది, అమెరికా సైనికులు గల్ఫ్‌కు బయల్దేరుతున్నారు. పిల్లల్ని యుద్ధానికి పంపుతున్న ఇళ్లలో పాత యుద్ధం టీవీలో నడిచింది.

మొదటి భాగం చివర ఒక ఉత్తరం వస్తుంది. రోడ్ ఐలండ్‌కు చెందిన మేజర్ సలివన్ బలూ 1861 జులై 14న భార్య సారాకు రాసుకున్నది. నేను తిరిగి రాకపోతే, నీ చెంపకు చల్లగాలి తగిలినప్పుడు అది నా ఊపిరే అనుకో అన్న అర్థం వచ్చే మాటలు అందులో ఉన్నాయి. వారం తర్వాత బుల్ రన్ యుద్ధంలో గాయపడి ఆయన చనిపోయారు. వెనక ఫిడేల్ మీద ఒక విషాద రాగం వినిపిస్తూ ఉంటుంది. చూసినవాళ్లు ఏడ్చారు. ఉత్తరం కాపీ కావాలని, ఆ పాట ఎక్కడ దొరుకుతుందని అడిగారు. అది యుద్ధకాలం నాటి రాగమే అని చాలామంది నమ్మారు. నిజానికి ‘అషోకన్ ఫేర్‌వెల్’ 1982 నాటిది. న్యూయార్క్ రాష్ట్రంలో తాను నడిపే ఫిడేల్ క్యాంపు ముగిసిన బెంగలో జే అంగర్ కట్టిన రాగం. మొత్తం సిరీస్‌లో దాదాపు గంటసేపు అదే వినిపిస్తుంది. మన మనసు ఎటు ఒరగాలో సంగీతం ముందే చెప్పేసిందన్న విమర్శ నాకు న్యాయంగానే అనిపిస్తుంది. ఆ ఉత్తరం విని గొంతు పట్టేయడమూ అంతే నిజం.

అసలు గొడవ ఎవరు ఎంతసేపు మాట్లాడారన్న దాని మీద. మెంఫిస్‌లో ఉండే నవలా రచయిత షెల్బీ ఫుట్ సిరీస్‌లో 89 సార్లు కనిపిస్తారు. నిదానమైన దక్షిణాది యాస, తాతయ్య కథ చెబుతున్నట్టుండే తీరు. రాత్రికి రాత్రే స్టార్ అయిపోయారు. కొలంబియా యూనివర్సిటీ చరిత్ర ప్రొఫెసర్ బార్బరా ఫీల్డ్స్, నల్లజాతి మహిళ, అందులో కొద్ది వంతు సమయమే కనిపిస్తారు. యుద్ధాన్ని ఉత్తరాది, దక్షిణాది సైనికుల కథగా మాత్రమే చూస్తే సగం కూడా చూసినట్టు కాదని, అది బానిసల విముక్తి కథ కూడా అని గట్టిగా చెప్పింది ఆవిడే. ఫుట్ నోట మాత్రం, బానిసల వ్యాపారం చేసి, యుద్ధం తర్వాత నల్లవాళ్లపై దాడులు చేసిన రహస్య ముఠా కూ క్లక్స్ క్లాన్‌కు నాయకుడైన దక్షిణాది జనరల్ నేథన్ బెడ్‌ఫర్డ్ ఫారెస్ట్, లింకన్ పక్కన మరో మేధావిగా నిలబడ్డాడు. నల్లజాతి ప్రేక్షకులకు ఆ పోలిక ఎక్కడ తగిలి ఉంటుందో వేరే చెప్పాలా?

అలాగని దక్షిణాది ప్రేక్షకులందరూ సంతోషపడ్డారనుకోవద్దు. మమ్మల్ని బానిసత్వం కోసం పోరాడినవాళ్లుగా చూపించారు, మా ముత్తాతలు పోరాడింది రాష్ట్రాల హక్కుల కోసం అన్న కోపం అటువైపు ఉంది. ఈ నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలంటే వెనక్కి వెళ్లాలి.

1860 డిసెంబర్‌లో దక్షిణాది రాష్ట్రం సౌత్ కరోలినా అమెరికా నుంచి విడిపోతూ కారణాలు రాసి మరీ ప్రకటించింది. ఉత్తరాది రాష్ట్రాలు బానిసత్వానికి అడ్డుపడుతున్నాయని, పారిపోయిన బానిసల్ని అప్పగించడం లేదని అందులో స్పష్టంగా ఉంది. 1861 మార్చిలో, విడిపోయిన దక్షిణాది రాష్ట్రాలు పెట్టుకున్న ప్రభుత్వ ఉపాధ్యక్షుడు అలెగ్జాండర్ స్టీఫెన్స్ సవానాలో మాట్లాడుతూ, తెల్లవాడితో నల్లవాడు సమానం కాదన్నదే మా కొత్త ప్రభుత్వానికి పునాదిరాయి అన్నాడు. అప్పటికి దేశంలో బానిసలు దాదాపు 40 లక్షల మంది. వాళ్ల నోటితో వాళ్లే చెప్పాక ఇంక వాదన ఎందుకుండాలి?

ఓడిపోయాక మాట మార్చారు కాబట్టి. 1866లోనే, యుద్ధకాలంలో దక్షిణాది రాజధాని అయిన రిచ్‌మండ్‌లో పత్రికా సంపాదకుడు ఎడ్వర్డ్ పొలార్డ్ ‘ది లాస్ట్ కాజ్’ (ఓడిపోయిన ఆశయం) అని పుస్తకం వేశాడు. పోరాటం గొప్పది, ఓటమి విధివశాత్తు వచ్చింది అన్న కథకు ఆ పేరే స్థిరపడింది. 1894లో ఏర్పడిన దక్షిణాది సైనికుల ఆడపడుచుల సంఘం ఊరూరా విగ్రహాలు పెట్టించింది. బడి పుస్తకాల మీద కన్నేసింది. 1920 ప్రాంతంలో ఆ సంఘానికి చెందిన మిల్డ్రెడ్ రూథర్‌ఫర్డ్ పుస్తకాలు ఎంచుకోవడానికి ఒక కొలబద్ద అచ్చు వేసింది. దక్షిణాది బానిసల్ని నిలుపుకోవడానికి పోరాడిందని రాసిన పుస్తకాన్ని తిరగ్గొట్టండి అని అందులో ఉంది. అలాంటి పుస్తకాలు చదువుకున్న పిల్లల పిల్లలే 1990లో టీవీ ముందు కూర్చున్నారు.

సిరీస్ చివర్లో కదిలే బొమ్మలు కొన్ని వస్తాయి. 1913లో, అంతర్యుద్ధంలోని గెటిస్‌బర్గ్ పోరుకు యాభయ్యేళ్లు నిండినప్పుడు, అక్కడే రెండు వైపుల మాజీ సైనికులు 50 వేలకు పైగా కలిశారు. ఒకప్పుడు కాల్చుకున్న రాతిగోడ దగ్గరే తెల్లగడ్డాల ముసలివాళ్లు చేతులు కలుపుతారు. అన్నదమ్ములు కలిసిపోయారన్న భావం కళ్లు తడిపేస్తుంది. ఎరిక్ ఫోనర్ లాంటి చరిత్రకారులు తప్పుపట్టింది ఇక్కడే. యుద్ధం తర్వాత విముక్తి పొందినవాళ్లకు ఓటు ఇచ్చిన పునర్నిర్మాణ కాలం గురించి, తర్వాత దాన్ని మళ్లీ లాక్కోవడం గురించి సిరీస్‌లో దాదాపు ఏమీ లేదు. ఆ కరచాలనం జరిగిన ఏడాదే అధ్యక్షుడు విల్సన్ ప్రభుత్వం వాషింగ్టన్ ఆఫీసుల్లో నల్లవాళ్లను వేరు చేసి కూర్చోబెట్టడం మొదలుపెట్టింది. ఎవరు కలిశారు, ఎవర్ని బయట పెట్టి కలిశారు అన్నది ఆ దృశ్యంలో కనిపించదు. చరిత్రకారుల ఈ స్పందనలన్నీ 1996లో ఒక సంపుటిగా వచ్చాయి.

తర్వాతి సిరీస్‌లకూ ఇదే ప్రశ్న ఎదురైంది. 2007లో రెండో ప్రపంచయుద్ధంపై ‘ది వార్’ ప్రసారం కాకముందే, అందులో లాటినో సైనికుడు ఒక్కడూ లేడని టెక్సస్ యూనివర్సిటీ ప్రొఫెసర్ మ్యాగీ రివాస్ రోడ్రిగెజ్ తదితరులు ఉద్యమం లేవదీశారు. ఆ యుద్ధంలో లాటినోలు 5 లక్షల దాకా ఉంటారని వాళ్ల వాదన. చివరికి బర్న్స్ దాదాపు అరగంట కొత్త భాగం చేర్చారు. 2017లో ‘ది వియత్నాం వార్’ వచ్చాక, మా త్యాగాలకు చోటు చాలలేదని దక్షిణ వియత్నాం నుంచి వచ్చి అమెరికాలో స్థిరపడ్డవాళ్లు బాధపడ్డారు.

అదే 2017 అక్టోబర్ 30న వైట్‌హౌస్ చీఫ్ ఆఫ్ స్టాఫ్ జాన్ కెలీ టీవీలో, రాజీపడలేకపోవడం వల్లే అంతర్యుద్ధం వచ్చిందన్నారు. దుమారం రేగింది. మర్నాడు ప్రెస్ సెక్రటరీ సారా సాండర్స్ దాన్ని సమర్థిస్తూ చూపిన ఆధారం ఏమిటంటే, బర్న్స్ సిరీస్‌లో షెల్బీ ఫుట్. మనకు బాగా చేతనయిన పని రాజీపడటం, అది చేయలేకపోయాం కాబట్టే యుద్ధం వచ్చింది అని ఫుట్ 27 ఏళ్ల కింద అందులో చెప్పారు. ఒక ముసలాయన తీయగా చెప్పిన మాట ప్రభుత్వ వాదనగా మారిపోయింది.

రాజీలు జరగలేదా? 1787లో రాజ్యాంగం రాసేటప్పుడే, రాష్ట్రాలకు చట్టసభలో ఇచ్చే సీట్ల లెక్కలో బానిసను మనిషిలో అయిదింట మూడు వంతులుగా కట్టారు. బానిసత్వం ఏ ప్రాంతాల్లో ఉండొచ్చన్న దాని మీద 1820లో మిస్సోరీ రాజీ. 1850లో మరొకటి. దాని ప్రకారం బానిసత్వం లేని రాష్ట్రానికి పారిపోయి బతుకుతున్న మనిషిని కూడా పట్టుకుని యజమానికి అప్పగించాలి. అతను బానిస అని తేల్చే కమిషనర్‌కు 10 డాలర్లు, స్వేచ్ఛాజీవి అని తేల్చితే 5 డాలర్లు ఫీజు. పట్టుబడ్డ మనిషికి తన తరఫున సాక్ష్యం చెప్పుకునే హక్కు లేదు.