పడుకోబెట్టిన ఉయ్యాల

"మావయ్యా, ఫోన్ కాస్త పక్కకి తిప్పానంతే, ముల్లు గిర్రున ఓ చుట్టు తిరిగొస్తోంది. ఎందుకు?" అన్నాడు మా మేనల్లుడు, తను రాసిన దిక్సూచి యాప్ చూపిస్తూ. ముల్లు 359 డిగ్రీల దగ్గరుంది, సెన్సర్ 1 అంది. మధ్య దూరం రెండే డిగ్రీలు. ప్రోగ్రామ్ మాత్రం 1 లోంచి 359 తీసేసి, ముల్లును 358 డిగ్రీలు వెనక్కి తిప్పింది.

దీనికి అతుకులు వేయొచ్చు. కానీ నిజం ముల్లు చేసే పనే దీనితోనూ చేయిస్తే అతుకే అక్కర్లేదు.

దిక్సూచి ముల్లంటే పడుకోబెట్టిన ఉయ్యాల. ఉయ్యాలను భూమి కిందికి లాగినట్టే ముల్లును భూమి అయస్కాంత క్షేత్రం ఉత్తరానికి లాగుతుంది. ఆ లాగుడు, ముల్లు ఎంత పక్కకి ఉందో ఆ కోణం సైన్‌ను బట్టి ఉంటుంది. సైన్‌కి 2 అయినా మైనస్ 358 అయినా ఒకటే! 180 దగ్గర సైన్ సున్నా. అందుకే పూర్తిగా దక్షిణానికి తిరిగిన ముల్లు ఒక క్షణం తటపటాయించి అప్పుడు కదులుతుంది. ఎంత ముచ్చటగా ఉంటుందో!

ఉయ్యాల కిందికి రాగానే ఆగదు, జోరు మీద అవతలికి పోతుంది. ఆ జోరును తినేది రాపిడి. రాపిడి ఎంతో చెప్పే అంకె డ్యాంపింగ్ నిష్పత్తి. అది 0.2 పెడితే, 30 డిగ్రీల నుంచి వదిలిన ముల్లు అటు దాదాపు 16, ఇటు 8, మళ్లీ అటు 4 దాకా ఊగుతుంది. 0.5 పెడితే మొదటిసారే 5 దాటదు, ద్రవం నింపిన దిక్సూచిలా. 1 పెడితే ఉత్తరాన్ని దాటనే దాటదు. నా ఓటు 0.2కే.

ఇంట్లో ఉన్న చిన్న దిక్సూచిని కదిపి లెక్కపెట్టాం. అటూ ఇటూ వెళ్లొస్తే ఒక ఊపు. పది ఊపులకు పది సెకన్లు. ఆ లెక్కే యాప్‌లో పెట్టి, రాపిడి సున్నా చేసి వదిలితే ముల్లు ఊపు పెంచుకుంటూ పోయింది! వాడు బలం లెక్కగట్టి, పాత వేగంతో ముల్లును జరిపి, ఆ తర్వాత వేగం మారుస్తున్నాడు. సెకనుకు 60 ఫ్రేములైతే ఒక్కో ఫ్రేముకు 1.1 శాతం శక్తి ఊరికే పుడుతుంది. ఒక్క సెకనులో దాదాపు రెట్టింపు. చివరి రెండు లైన్లు అటూ ఇటూ మార్చమన్నాను. ముందు వేగం మార్చి, ఆ కొత్త వేగంతో ముల్లును జరపాలి. ఊపు పెరగడం ఆగిపోయింది.

ఒక్క మాట. ముల్లు ఎంత సహజంగా ఊగినా సెన్సర్ తప్పు చెబితే అదీ తప్పే చూపిస్తుంది. ఇనప బీరువా పక్కన ఫోన్ పట్టుకుని వాస్తు తేల్చి, గోడలు పగలగొట్టించేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

రాపిడి మళ్లీ 0.2కి తెచ్చి, బల్ల మీద ఫోన్‌నూ దిక్సూచినీ సెన్సర్ చెదరనంత ఎడంగా పెట్టాం. మేనల్లుడు రెండింటినీ ఒకేసారి కదిపాడు. మూడో ఊపు దాకా రెండు ముళ్లూ కలిసే ఊగాయి.