విప్పని నాణేల రోల్ అసలుదేనా? అపోహలు - వాస్తవాలు

రోల్ అంటే లెక్కపెట్టి కాగితంలో గొట్టంలా చుట్టిన నాణేల వరస. అమెరికాలో పాత నాణేల వేలాల్లో "ఒరిజినల్ బ్యాంక్ రోల్, ఇంతవరకు ఎవరూ విప్పలేదు" అన్న ఒక్క మాటకే రేటు అమాంతం పెరిగిపోతుంది. అక్కడ ఉంటూ సేకరణ మొదలుపెట్టే తెలుగువాళ్లు డబ్బు పెట్టే ముందు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. రోల్ తిరగచుట్టిందని కాగితం చూసి పట్టుకోవచ్చు. అసలుదేనని మాత్రం కాగితం చూసి ఎవరూ తేల్చలేరు.

అపోహ: ఈ రోల్స్ నేరుగా మింట్ (టంకశాల) నుంచి వచ్చినవి.

చలామణి నాణేలను మింట్ గుడ్డ సంచుల్లో పంపేది. సెంట్ల సంచికి 5,000, క్వార్టర్ల (25 సెంట్ల నాణేలు) సంచికి 4,000. వాటిని మెషిన్ మీద లెక్కపెట్టి కాగితం చుట్టింది బ్యాంకులూ, ఫెడరల్ రిజర్వ్ శాఖలూ. రోల్‌కు సెంట్లయితే 50, నికెల్స్ (5 సెంట్ల నాణేలు) 40, డైములు (10 సెంట్లవి) 50, క్వార్టర్లు 40, అర డాలర్లూ పాత వెండి డాలర్లూ 20 చొప్పున. అంతకుముందు సంచి తాలూకు నాణెం ఒకటి మెషిన్‌లో మిగిలిపోయి తర్వాతి రోల్‌లో పడొచ్చు. కాబట్టి ఒకే సంవత్సరం రోల్‌లో వేరే ఏడాది నాణెం ఒకటి కనిపించినంత మాత్రాన మోసం అనేయకండి.

అపోహ: కొసలు మెషిన్ మడతతో ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు.

మెషిన్ కాగితం అంచును లోపలికి గుండ్రంగా చుట్టి కొస నాణెం మీద నొక్కుతుంది. మధ్యలో నాణెం కనిపిస్తుంది, చుట్టూ కాగితం గట్టులా ఉంటుంది. తుపాకీ తూటా కొసలా ఉంటుంది కాబట్టి దీన్ని షాట్‌గన్ రోల్ అంటారు. చిక్కేమిటంటే, ఆ మడత వేసే పనిముట్లు ఎవరైనా కొనుక్కోవచ్చు. వాడని పాత రేపర్లూ దొరుకుతాయి.

పది రెట్ల భూతద్దంతో ఆ గట్టును చూడండి. ఒకసారి విప్పి మళ్లీ మడిచిన కాగితం మీద పాత మడత గీత పక్కనే రెండో గీత ఉంటుంది. పాత కాగితం పెళుసు కనుక అంచున సన్నటి చిరుగులు కూడా పడతాయి. తర్వాత నాణెం రంగు చూడండి. వెండి నాణెమైతే గాలి తగిలే మధ్యభాగం ఏళ్ల తరబడి ఒక రంగుకు మారుతుంది, కాగితం కింద ఉన్న అంచు ఇంకో రంగుకు. ఈ రెండు రంగులు కలిసే గీత కాగితం అంచుకు సరిగ్గా కలవాలి. మిల్లీమీటరు పక్కకు జరిగినా ఆ నాణెం ఆ కాగితంలో పుట్టిపెరిగింది కాదు. అరవై ఏళ్లు గాలి తగిలిన వెండి తళతళలాడుతుంటే అదీ అనుమానించాల్సిందే.

అపోహ: రెండు కొసల్లో అరుదైనది కనిపిస్తోంది, లోపలా అలాంటివే ఉంటాయి.

జనం ఎక్కువగా మునిగేది ఇక్కడే. మోర్గన్ డాలర్లు అనే పాత వెండి డాలర్ల రోల్ ఒకటి అనుకోండి. ఒక కొసలో బొమ్మ వైపు 1889 అని, రెండో కొసలో బొరుసు వైపు సీసీ అని కనిపిస్తుంది. సీసీ అంటే కార్సన్ సిటీ మింట్. 1889లో అక్కడ ముద్రించినవి 3,50,000 మాత్రమే, అందుకే అంత ఖరీదు. అదే ఏడాది ఫిలడెల్ఫియాలో 2 కోట్లకు పైగా ముద్రించారు, వాటికి మింట్ గుర్తు లేదు. మోర్గన్ డాలర్‌కు సంవత్సరం బొమ్మ వైపు, మింట్ గుర్తు బొరుసు వైపు. అంటే మీకు కనిపిస్తున్నవి రెండు వేరు నాణేలు. ఒకటి మామూలు 1889, ఇంకొకటి తేలిగ్గా దొరికే 1884 సీసీ కావచ్చు. అమ్మేవాడు అబద్ధం ఒక్కటీ ఆడలేదు, లెక్క మీ చేతే వేయించాడు.

1950 డి నికెల్‌దీ (డి అంటే డెన్వర్ మింట్) ఇదే తంతు. జెఫర్సన్ బొమ్మ ఉన్న నికెల్స్‌లో అతి తక్కువగా ముద్రించింది అదే, 26,30,030. ఆ రోజుల్లో నికెల్‌కు గుర్తు వెనకవైపే కాబట్టి ఒక కొసలో 1950, ఇంకో కొసలో డి కనిపించినా ఏమీ తేలదు. మన చర్లపల్లి మింట్ నాణేలకు నక్షత్రం సంవత్సరం కిందే ఉంటుంది కనుక ఆ అలవాటులో ఉన్నవాళ్లు సులువుగా పొరబడతారు.

సెంట్ల రోల్ కొసకు పెట్టిన ఇండియన్ హెడ్ నాణెం మరీ పాత ఎర. 1909తో ఆగిపోయిన ఆ సెంటు అరిగినది కొద్ది డాలర్లకే వస్తుంది.

అపోహ: బ్యాంకు పేరు అచ్చయి ఉంది కదా.

ఆ అచ్చే కొన్నిసార్లు గుట్టు విప్పుతుంది. చిరునామాలో జిప్ కోడ్ ఉంటే ఆ కాగితం 1963కు ముందుది కాదు. చేజ్ మాన్‌హట్టన్ అని ఉంటే 1955కు ముందుది కాదు, ఆ బ్యాంకు విలీనంతో ఏర్పడిందే అప్పుడు. 1930ల నాటిదని చెప్పిన కాగితం అతినీలలోహిత దీపం కింద ప్రకాశవంతమైన నీలంగా మెరిస్తే కథ అయిపోయినట్టే, అలా మెరిసే కాగితం ఆ తర్వాతి కాలానిది. మెరవకపోతే మాత్రం ఏమీ రుజువు కానట్టే.

అపోహ: తూకం వేస్తే తెలిసిపోతుంది.

లోహం తెలుస్తుంది, అంతే. కాగితం కాక, వెండి డైముల రోల్ 125 గ్రాములు, 1965 నుంచి వచ్చిన రాగి-నికెల్ లోహపు డైములది 113.4. కానీ రెండు వెండి డైములు తీసి కొత్తవి పెడితే తగ్గేది అర గ్రాము లోపే, అది కాగితం బరువులో కలిసిపోతుంది. అరుదైన ఏడాదివి ఏరుకుని మామూలు ఏడాదివి పెడితే బరువు అసలు మారదు.

కొనేటప్పుడు కనిపించే రెండు నాణేలను వాటి స్థితిని బట్టి లెక్కగట్టి, మిగతావన్నీ అతి మామూలు ఏడాదివే అనుకుని రేటు చెప్పండి. తెరిచేటప్పుడు మొదటినుంచీ వీడియో తీయండి. కొసను చాకుతో పెకలించొద్దు, కాగితం అతుకు వెంట నిలువుగా విప్పి మెత్తటి గుడ్డ మీద వరస చెదరకుండా పరవండి. మెషిన్ చుట్టిన రోల్‌లో బొమ్మలూ బొరుసులూ కలగాపులగంగా ఉంటాయి. అన్ని బొమ్మలూ ఒకే వైపుకు తిరిగి ఉన్నాయంటే, ఎవరో కూర్చుని ఒక్కొక్కటీ చూసి పేర్చారన్నమాట.